అయినానురాగం

హిందూపురం,
2 జూలై 2025

పెద్దమ్మకు,

ఈ కాలంలో ఉత్తరమేమిటని మీ ఊరి పోస్టుమ్యాన్ నవ్వుకొని ఉంటాడు. నవ్వుకోనీ. పోయిన ఏడు ఆ పాడు జ్వరమొచ్చి నీకు చెవులు వినబడకుండా పోయినప్పటి నుంచి ఫోనులో మాట్లాడే భాగ్యం పోయింది. వాట్సాప్‌లో రాద్దామంటే ఆ ఫోను ఎప్పుడూ పెదనాయన జేబులోనే. నీకంటే ముందు ఆయన చదివి, నీ బదులు ఆయనే జవాబిస్తాడు. ఇది ఆయన కంట పడకూడని సంగతి.

నేను హిందూపురంలో అమ్మ దగ్గరున్నాను. ఈ నెలాఖరులో ఆసుపత్రి ల్యాబ్ టెక్నీషియన్ పోస్టుకు పరీక్ష ఉంది, చదువుకోవడానికి వచ్చానని అమ్మకు చెప్పాను. అది సగమే నిజం. మిగతా సగం నీ ఒక్కదానికే చెబుతున్నాను.

ధర్మవరంలో మా ఇంటి చిన్న గది నీకు గుర్తుందా? కిటికీ దగ్గర బల్ల వేసుకుని, గోడకు రక్తకణాల బొమ్మలు అంటించుకుని, అది నా చదువుల గది అని ఎంత గొప్పగా చూపించాను నీకు! ఇప్పుడా గదిలో ఓబుళప్ప ఉన్నాడు. కిరణ్ స్నేహితుడు. ఇంటి ఓనరు ఖాళీ చేయమంటే, "రెండ్రోజులు ఉంటామబ్బా" అని భార్యాబిడ్డలతో, కుట్టుమిషనుతో దిగాడు. ఆ రెండ్రోజులు నెల దాటాయి. ఆయన భార్య పొద్దస్తమానం జాకెట్లు కుడుతుంది. మంచి మనిషే, నాకూ రెండు కుట్టిచ్చింది. కానీ ఆ మిషను చప్పుడులో నేను తెల్లకణాల గురించి చదివితే అవి కూడా టకటకమంటాయి.

నా మొగుడని వెనకేసుకు రావడం కాదు, కిరణ్ చెడ్డవాడు కాదు. రోజంతా కంప్యూటరు ముందు కూర్చుని పట్టుచీరల అంచులకు హంసలు, మామిడిపిందెలు గీసే మనిషి. చీమ అడ్డమొచ్చినా అదే పక్కకు పోయేదాకా ఆగుతాడు. తంటా అంతా అదే. ఎవరేమడిగినా "సరే" అంటాడు. కాదనడం ఆ నోటికి రాదు. అందరికీ సరే అయితే, చివరికి నాకు మిగిలేదేముంది?

ఇక్కడ మన మేడమీద లాయరు శైలజక్క ఆఫీసు పెట్టుకుంది. రోజూ ఆమె దగ్గరే కూర్చుంటున్నాను. ఆమె కోర్టుకు పోతే ఆ నిశ్శబ్దంలో హాయిగా చదువుకోవచ్చు.

నిజంగా చెప్పనా పెద్దమ్మా, నాకు మళ్ళీ ధర్మవరం పోవాలని లేదు. నువ్వు నలభై ఏళ్ళు పెదనాయనతో ఎలా వేగావు? దాన్ని ప్రేమ అంటే సరిపోతుందా? ఆ మాట పెళ్ళికి ముందుదానికి చాలు. తర్వాత తర్వాత మిగిలేదానికి వేరే పేరుండాలి. అంగన్‌వాడీలో పిల్లలకు కొత్త కొత్త మాటలు పుట్టించిన టీచరమ్మవు, నాకొక మాట పుట్టించి పంపు. అది చూసి ఆలోచిస్తాను.

నీ ముక్కూ నీ కోపమూ రెండూ వచ్చాయని అమ్మతో తిట్లు తినే
అమృత


పెనుకొండ,
6 జూలై 2025

చిట్టితల్లి అమృతకు పెద్దమ్మ దీవెనలు.

నీ ఉత్తరం వచ్చేసరికి మీ పెదనాయన బయట అరుగు మీద పేపరు చదువుకుంటున్నాడు. నేను లోపలికి పోయి, తలుపు దగ్గరికేసి, మంచం మీద కూర్చుని నిదానంగా చదువుకున్నాను. నీ గుట్టు నా దగ్గర భద్రం. భయపడకు.

మాటలు అడిగావు. అంగన్‌వాడీలో ఒక పాప అమ్మను చూసి ఏడుపు ఆపకుండానే నవ్వితే దాన్ని ఏమనాలో తెలియక "ఏడ్నవ్వు" అన్నాను. ఆ ఏడాదంతా పిల్లలు అదే మాట. మొగుళ్ళ విషయంలో అంత సులభం కాదు. అయినా ప్రయత్నిస్తాను.

మీ పెదనాయన బస్సు కండక్టరుగా రిటైరైనా బస్సు ఆయన్ను వదల్లేదు. పెళ్ళికి పోవాలంటే గంట ముందు బస్టాండులో నిలబెడతాడు. ఆమడగూరులో మా ఆడబిడ్డ కొడుకు పెళ్ళికి మేం పోయేసరికి ఇంకా షామియానా వేయలేదు. గుంజలు పట్టుకుని షామియానా నిలబెట్టింది మేమిద్దరమే. పట్టుచీరతో! ఆ పొద్దు ఆ మనిషిని చూస్తే ఒళ్ళు మండింది. అంతలో చెమటలు కక్కుతూ, "శ్యామలా, నువ్వు పట్టుకున్న పక్కే నేరుగా ఉండాది సూడు" అన్నాడు. నాకు విసుగూ వచ్చింది, ఇష్టమూ కలిగింది. ఏది ముందొచ్చిందో చెప్పలేను. దానికి "విసుగిష్టం" అని పేరు పెట్టుకున్నాను.

ఇంకొకటి ఉంది. మధ్యాహ్నం కునుకు తీస్తే నిద్రలో స్టాపులు అరుస్తాడు. "సోమందేపల్లి దిగేవాళ్ళు ముందుకు రాండప్పా!" కొత్త కాపురంలో ఆ అరుపుకు ఉలిక్కిపడి లేచి కూర్చునేదాన్ని. ఆ నోరు మూయించమని మొక్కని దేవుడు లేడు. ఇప్పుడు నాకు వినబడదు. అయితే మంచం పట్టె మీద చెయ్యి పెడితే ఆ అరుపు అదురుతుంది. పెదవులు గుండ్రంగా తిరిగితే సోమందేపల్లి వచ్చిందన్నమాట. తర్వాత పెనుకొండ. అది రాగానే లేస్తాడు. నేను ముందే పోయి కాఫీకి నీళ్ళు పెడతాను. దీనికి "కలవరింతాపేక్ష" అన్నాను. నోరు తిరగడం కష్టమే. ఆ మనిషితో కాపురం మాత్రం సులభమా?

"ఎలా వేగావు" అన్నావు చూడు, అందులోనే ఒక మాటుంది. "వేగువలపు." కందిపప్పు వేగితేనే కదా కమ్మటి వాసన. మరీ వేగితే మాడుతుంది, నిజమే. మంట ఎంతుండాలో పొయ్యి దగ్గర నిలబడినవాళ్ళకే తెలుస్తుంది. నువ్వు వంటింట్లో నుంచి హిందూపురం పోయి కూర్చున్నావు.

కోపంలో ఉండగా ఏ నిర్ణయానికీ రావద్దు. ముందు పరీక్ష రాయి. కిరణ్‌కు కూడా ఒక పేరు పెట్టి పంపు, చూద్దాం.

నీ పెద్దమ్మ
శ్యామలమ్మ


హిందూపురం,
12 జూలై 2025

మాటల కొట్టు నడిపే మా పెద్దమ్మకు,

నీ ఉత్తరం శైలజక్క ఆఫీసులో చదివి పకపకా నవ్వాను. విడాకుల కోసం వచ్చి బెంచీ మీద కూర్చున్న ఒకామె, "ఏమమ్మా, అంత నవ్వొచ్చే కేసా నీది?" అంది. "విసుగిష్టం" అని చెబితే, "విసుగు మాత్రం ఉండాది నాకు. రెండోదాని కోసమే ఈడికొస్తి" అంది. పాపం.

కిరణ్‌కు పేరు పెట్టాను. "సరేశ్వరుడు." ఎవరే కోరిక కోరినా వరమిచ్చే దేవుడు. పోయిన చవితికి మా వీధిలో రెండు వినాయక కమిటీలు లేచాయి. ఒకరి మొహం ఒకరు చూసుకోరు. కిరణ్ రెండింటిలోనూ సభ్యుడు! నిమజ్జనం రోజు రెండు ట్రాక్టర్ల మీదా నిలబడాల్సి వచ్చి, మధ్యలో దూకుతూ కాలు బెణికించుకున్నాడు. కాపడం పెట్టింది నేను. అప్పుడు నాకు కలిగినదాన్ని నీ మాటల్లో ఏదనాలో తెలియదు. తిట్టాను, కాపడం పెట్టాను, మళ్ళీ తిట్టాను.

ఇంతవరకు నవ్వుతూ రాశాను. ఇక నవ్వలేను పెద్దమ్మా. నిన్న కిరణ్ ఫోన్ చేశాడు. ఎప్పుడూ చేసినట్టు తిన్నావా, చదివావా అనలేదు. గొంతు ఎవరిదో లాగుంది. "అమృతా, నీకేది మంచిదనిపిస్తే అదే చెయ్. నేను అడ్డం రాను. నీ ఇష్టమే నాకు సరే" అన్నాడు. "దేనికి సరే?" అని అడిగేలోపు పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

నేను ఆయన్ను ఏమీ అడగలేదు. రానని చెప్పలేదు. ఆ మాట నీకు తప్ప ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. అంటే నేను లేకపోతేనే ఇల్లు బాగుందని ఆయనకే అనిపించిందన్నమాట. వీధిలో అందరికీ సరే అన్నట్టే నేను పోతానన్నా సరేనా? ఒక్కసారి "ఎందుకు పోతావు, రా" అంటే ఆ నోటి ముత్యాలేమైనా రాలతాయా?

నేను కోపంగా ఉన్నప్పుడు బాగానే ఉన్నాను. ఇప్పుడే బాగాలేదు.

అమృత


పెనుకొండ,
16 జూలై 2025

అమృతా,

నీ ఉత్తరం చదివి కిరణ్ మీద నాకొచ్చిన కోపానికి పేరు పెట్టను, పెడితే పోస్టులో పోదు. మగవాడు పెళ్ళాన్ని "నీ ఇష్టం" అని వదిలేయడం మంచితనమా? పల్లెవెలుగు బస్సు కూడా చెయ్యెత్తకపోయినా ఆపి, ఎక్కుతావా అని అడుగుతుంది.

తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. నువ్వు విన్నది గొంతే. మొహం చూడలేదు. నాకు చెవులు పోయాక తెలిసిందేమంటే, మనుషులు నోటితో ఒకటి చెబుతారు, మొహంతో ఇంకొకటి. ఇప్పుడు నాకు మొహాలే వినబడతాయి. నువ్వు ఒకసారి ఎదురుగా కూర్చుని ఆ "సరే"ను చూడాలి. ఆ తర్వాత ఏం చేస్తావో నీ చిత్తం.

నా బాధ నాకొకటి పట్టుకుంది. నీతో కాకపోతే ఎవరితో చెప్పుకోను? పోయిన వారం మీ పెదనాయన, బుక్కపట్నం చెరువులో చేపలు బాగా పడుతున్నాయట, తెస్తానని పొద్దున్నే సంచి తీసుకుని పోయాడు. సాయంత్రం ఖాళీ సంచితో వచ్చాడు. "ఏమయ్యా, చేపలేవి?" అంటే చెయ్యి ఊపి ఊరకున్నాడు. అప్పటి నుంచి మనిషి మనిషిలా లేడు. నా మొహం చూస్తాడు, నేను చూస్తే పేపరు అడ్డం పెట్టుకుంటాడు. పేపరు తలకిందులుగా ఉంది, అది కూడా చూసుకోలేదు. మధ్యాహ్నం కునుకులో మంచం అదరడం లేదు. పట్టె మీద చెయ్యి పెట్టి ఎంతసేపు కూర్చున్నా ఒక్క స్టాపూ రాదు.

చేపలని చెప్పి ఏదో డాక్టరు దగ్గరికి పోయొచ్చాడని నా అనుమానం. ఏదో పెద్ద జబ్బే చెప్పుంటారు, నాకు తెలియకూడదని దాస్తున్నాడు. ఆ నోరు మూయించమని దేవుళ్ళకు మొక్కినదాన్ని, ఇప్పుడు ఆ మొక్కులన్నీ వెనక్కి తీసుకుంటున్నానని కొండమీది నరసింహస్వామికి చెప్పుకుని వచ్చాను.

నీకు తెలిసిన ఆసుపత్రులు ధర్మవరంలో ఉన్నాయి కదా. ఆయన పేరుతో ఎక్కడైనా రక్తపరీక్ష చేశారేమో కనుక్కో. ఈ సంగతి మాత్రం ఆయనకు పొక్కనీకు.

నీ పెద్దమ్మ


హిందూపురం,
21 జూలై 2025

బంగారు పెద్దమ్మా,

ముందు ఒక మాట. పెదనాయనకు ఏ జబ్బూ లేదు. గుండ్రాయిలా ఉన్నాడు. ఆయన బుక్కపట్నం పోలేదు. ధర్మవరం పోయాడు, మా ఇంటికి! ఊపిరి పీల్చుకున్నావా? ఇప్పుడు మిగతాది చదువు.

నిన్న మధ్యాహ్నం శైలజక్క ఆఫీసులో చదువుకుంటున్నాను. అక్క ఎవరికో నోటీసు రాస్తోంది. మెట్ల మీద చప్పుడైంది. చూస్తే కిరణ్. గడ్డం పెరిగి, చొక్కా నలిగి, నెత్తిన ఒక టమోటాల గంప! గంప దించకుండానే అక్కను చూసి, "మేడం, నేను సంతకం పెట్టను" అన్నాడు.

అక్క కళ్ళజోడు పైకెత్తి, "ఏ సంతకమప్పా?" అంది.

"ఏ కాగితమైనా సరే, పెట్టను. కోర్టుకు పిలిచినా ఇదే చెప్తా. నాకిష్టం లేదు. నేనొప్పుకోను."

పెద్దమ్మా, పెళ్ళయినప్పటి నుంచి ఆయన నోట "ఒప్పుకోను" అనే మాట వినడం నాకదే మొదటిసారి. చేతిలో పుస్తకం జారిపోయింది. "కిరణ్, ఏమైంది నీకు?" అన్నాను.

"నువ్వు విడాకులకు లాయరును పెట్టుకున్నావంట గదా. పొద్దస్తమానం ఈడే కూర్చుంటాండావంట. మీ పెదనాయన రంగప్ప మామే ఇంటికొచ్చి చెప్పినాడు."

శైలజక్క నవ్వు ఆపుకోలేక వెనక గదిలోకి పోయింది. నేను నా పుస్తకం ఎత్తి చూపించాను. రక్తకణాల బొమ్మలున్న పేజీ. ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు, గంప దించి బెంచీ మీద కూలబడ్డాడు.

"మరి ఫోనులో సరే అంటివే?" అని అడిగాను.

"నువ్వు సుఖంగా లేవని మామ చెప్పినాడు. నీ సుఖానికి నేనడ్డమా అని సరే అంటి. అన్నాక అన్నం దిగలేదు. డిజైను గీయబోతే హంసకు మూడు కాళ్ళొచ్చినాయి. అది సరే కాదు అమృతా. ఆ మాట నాకు అలవాటైపోయింది, నోట్లో నుంచి అదే వస్తాది."

నువ్వు చెప్పావు కదా, మొహం చూడమని. చూశాను. ఆ మొహంలో ఎక్కడా సరే లేదు.

అప్పుడు నేను దాచుకున్నదంతా చెప్పాను. గది, మిషను, ఓబుళప్ప, అన్నీ. కిరణ్ నోరు తెరిచి, "ఓబుళప్పను రమ్మనే ముందు నిన్నడిగితి గదా? నువ్వు గూడా సరే అంటివి" అన్నాడు. నిజమే. అన్నాను. మొహం ముడుచుకుని అన్నాను, కానీ అన్నాను. మొహం చూసి తెలుసుకోవాలని నేను, మాట వింటే చాలని ఆయన. ఇద్దరం చెరో భాషలో కాపురం చేస్తున్నాం.

మిషను చప్పుడుకే నేను వచ్చేశానేమోనని ఆయనకూ ముందే అనుమానం వచ్చిందట, కానీ ఓబుళప్పను పొమ్మనడం ఆయన వల్ల కాలేదట. అందుకని వారం రోజులు ధర్మవరం వీధులన్నీ తిరిగి వాళ్ళకు ఇల్లు వెతికాడు. కుట్టుమిషను తానే సైకిలు మీద పెట్టుకుని పోయి దించి వచ్చాడు. అందుకే ఇక్కడికి రావడం ఆలస్యమైంది. పొమ్మనలేని మనిషి ఇలా సాగనంపాడు!

"ఈ టమోటాలు ఎవరివి?" అన్నాను.

"సోమందేపల్లిలో ఒకామె బస్సులో పెట్టి, మా తమ్ముడు హిందూపురం బస్టాండుకొస్తాడు, ఇచ్చేయ్ నాయనా అనింది. ఆ తమ్ముడు రాలేదు. ఆడ పడేసి ఎట్లొస్తా?"

భార్య విడాకులిస్తోందని పరుగెత్తుకొస్తూ కూడా ముక్కూమొహం తెలియని మనిషి టమోటాలకు సరే అన్నాడు! కోపం రావాలి కదా పెద్దమ్మా. రాలేదు. నవ్వు వచ్చింది, దాని వెనకే ఏడుపు. ఇద్దరం ఆ గంప చెరోపక్క పట్టుకుని బస్టాండుకు పోయి, ఆ తమ్ముడు దొరికేదాకా నిలబడ్డాం. అక్కడ జనం మధ్య నాకొక మాట తట్టింది. సోమరి అయినా, మొండి అయినా, సరేశ్వరుడు అయినా. "అయినానురాగం." ఎలా ఉంది?

పరీక్ష రాసి ధర్మవరం పోతాను. కానీ నాకొకటి అర్థం కాలేదు. శైలజక్క సంగతి పెదనాయనకు ఎలా తెలిసింది? నీ ఒక్కదానికే రాశాను. గుట్టు భద్రమన్నావు. నువ్వు చెప్పావా? చెప్పినా ఫరవాలేదులే. నిజంగా చెప్పావా?

సగం అలకతో, ఇంకా ఎక్కువ సంతోషంతో
అమృత


పెనుకొండ,
26 జూలై 2025

అయినానురాగం కనిపెట్టిన మా అమృతకు,

నా మాటలన్నీ నీ ఒక్క మాట ముందు దిగదుడుపే. ఆ ముక్క చదివి కళ్ళు తుడుచుకున్నాను. కిందికి వచ్చి, "నువ్వు చెప్పావా" అన్నది చదివేసరికి తుడుచుకున్న కళ్ళు ఎర్రబడ్డాయి. నేను చెప్పడమా!

ఉత్తరం పట్టుకుని నేరుగా అరుగు మీదికి పోయాను. మీ పెదనాయన ఉన్నాడు, పక్కింటి మునెమ్మ వక్కాకు నములుతూ కూర్చుంది. "ఏమయ్యా, చేపలు పట్టడానికి ధర్మవరం పోయావంట?" అని నిలదీశాను. మనిషి తల దించుకున్నాడు. "నా బిడ్డ గుట్టు నీకెవరు చెప్పారు?" అన్నాను. ఏదో అన్నాడు, మీసాల కింద నాకు తెలియలేదు. పాత అంగన్‌వాడీ పలక తెచ్చి చేతిలో పెట్టాను. బలపంతో ఇలా రాశాడు: "నువ్వే. ఉత్తరాలు గట్టిగా చదువుతావు. రాసేటప్పుడు గూడా."

అమృతా, అప్పుడు తెలిసింది నాకు. మనసులో చదువుకుంటున్నానని నేననుకుంటాను. నా గొంతు నాకే వినబడదు కదా! తలుపు దగ్గరికేసి నీ గుట్టంతా వీధికి చదివి వినిపించాను. వీధిలో బండ్ల చప్పుడుకు అరుగు మీదివాళ్ళు సగం సగమే విన్నారు. మీ పెదనాయనకు "లాయరు" వినబడింది, "చదువుకోవచ్చు" అన్నది ఏదో లారీ హారన్‌లో కొట్టుకుపోయింది. ఆ పైన కిరణ్ ఫోనులో అన్న సరే కూడా నా నోటనే విని, తానే కాపురం కూల్చానేమోనని కుమిలిపోయాడట. అందుకే నిద్రలో స్టాపులు రాలేదు.

మునెమ్మ నవ్వుతూ నా చేతిలో పలక లాక్కుని రాసింది. వీధంతా నా మాటలే వాడుతున్నారట. "మా ఆయన మీద ఈపొద్దు విసుగిష్టం ఉండాది" అని ఆమె కోడలు మొన్న కుళాయి దగ్గర అందట. సిగ్గుతో చచ్చాను. కొంచెం గర్వం కూడా కలిగిందనుకో.

అంతలో ఒకటి తట్టింది. నేను పుట్టించిన ప్రతి మాటా ఈ మనిషి విన్నాడు. షామియానా గుంజల సంగతి విన్నాడు. పట్టె మీద చెయ్యి పెట్టి కూర్చుంటానన్నది విన్నాడు. విని, పేపరు అడ్డం పెట్టుకుని ఊరకున్నాడు! రోషం పొడుచుకొచ్చి, "నేను నీకు ఇన్ని మాటలు పుట్టించాను. చెవిటిదాన్ని, నువ్వు కాఫీ అంటే కత్తిపీట తెచ్చిచ్చేదాన్ని, నాతో వేగుతున్నావు కదా, నాకొక్క మాటైనా పెట్టావా?" అని అడిగాను.

మీ పెదనాయన గొంతు సవరించుకున్నాడు. ఏదో అన్నాడు. చిన్న మాటే. మునెమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "ఏమన్నావు?" అన్నాను. మళ్ళీ అన్నాడు. నాకు తెలియలేదు. మూడోసారి లేచి నిలబడి, బస్సు నిండా జనమున్నప్పుడు అరిచినట్టు, మెడ నరాలు ఉబ్బేటట్టు అరిచాడు. ఎదురింటివాళ్ళు బయటికొచ్చారు. సైకిలు మీద పోతున్న మనిషి కాలు నేల మీద పెట్టి ఆగాడు. అందరూ నవ్వుతున్నారు, నా వైపు చూస్తున్నారు. మునెమ్మ కళ్ళు తుడుచుకుంటోంది. నాకు ఆయన పెదవులు కదలడం కనబడింది, అంతే. ఎప్పుడూ చూసిన మాట కాదు. ఏ ఊరి స్టాపూ కాదు.

పలక ఇచ్చాను. తీసుకోలేదు. మునెమ్మ రాయబోతే ఆమె చేతిలో బలపం లాక్కున్నాడు. వేలితో నా చెవి తాకి చూపించాడు. ఇది రాసేది కాదు, వినేదట.

ఇన్నాళ్ళూ చెవి మిషను పెట్టించుకుందాం రమ్మంటే, ఈ వయసులో నాకెందుకు, వినాల్సినవన్నీ వినేశానని కొట్టిపారేశాను. ఇంకొకటి మిగిలే ఉందని తెలిసింది. హిందూపురంలో చెవుల డాక్టరు ఉన్నాడని మీ అమ్మ అంటుంటుంది కదా, నీ పరీక్ష కాగానే నన్ను ఆయన దగ్గరికి తీసుకుపో. కిరణ్‌నూ రమ్మను. ఎటూ కాదనడు.

ఒకవేళ నువ్వు పెనుకొండ మీదుగా పోతూ బస్సు దిగితే, వీధిలో ఎవరినీ ఆ మాట ఏమిటని అడగకు. ఈ ఊళ్ళో నాకు తప్ప అందరికీ తెలుసు. నాకంటే ముందు నీకు కూడా తెలియడం నాకిష్టం లేదు.

ఈ ఉత్తరం రాస్తూ నోరు గట్టిగా మూసుకున్న
మీ పెద్దమ్మ
శ్యామలమ్మ